గళ్ళలో మన అక్షరం ఉందా?

విండోస్ కంప్యూటర్‌లో 'క్యారెక్టర్ మ్యాప్' అనే చిన్న పనిముట్టు ఒకటుంది. రోజూ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళలో కూడా చాలామంది దాన్ని తెరిచి చూసి ఉండరు. తెరిస్తే చదరంగం బల్లలాగా గళ్ళు కనిపిస్తాయి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. పైన ఫాంటు పేరు మారిస్తే గళ్ళలోని అక్షరాలు మారిపోతాయి. కావలసిన గడి మీద నొక్కి, కాపీ చేసుకుని, మనం రాసుకుంటున్న చోట అతికించుకోవచ్చు. ఒక ఫాంటులో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో మొత్తం ఒక్కచోట చూపించడమే దాని పని.

ఇంత చిన్నదానికి చరిత్ర ఏమిటి, అదీ ఆదివాసీ రచయితల పుస్తకంలో ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. మా జవాబు ఒకటే. ఒక జాతి మాటకు అచ్చులో చోటు దొరికిందా లేదా అన్నది ఆ గళ్ళలో కళ్ళకు కనిపిస్తుంది. మన భాషల చరిత్ర ఎక్కువగా పాటల్లో, కథల్లో, పెద్దల నోళ్ళలో ఉంది. కానీ గత ముప్పై ఏళ్ళలో దానిలో కొంత భాగం ఈ గళ్ళలోకి చేరింది. ఎలా చేరిందో, ఎవరు చేర్చారో మన పిల్లలకు తెలియాలి.

గళ్ళపెట్టె కంప్యూటర్‌తో పుట్టింది కాదు. సీసపు అచ్చుల కాలంలో ప్రతి ముద్రణాలయంలోనూ 'కేసు' అనే చెక్క పెట్టె ఉండేది. దానిలో చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక్కో అక్షరపు అచ్చులు. కంపోజిటర్ కళ్ళు మూసుకుని కూడా ఏ అరలో ఏముందో చెప్పగలిగేవాడు. తెలుగుకు ఆ అరలు చాలా ఎక్కువ కావలసి వచ్చేవి. గుణింతాలు, ఒత్తులు అన్నిటికీ అచ్చులు పోత పోయించాలి మరి. పెట్టెలో లేని అక్షరం పుస్తకంలోకి వచ్చే దారి లేదు. కాబట్టి తెలుగువాళ్ళకు తెలియని శబ్దం మన మాటలో ఉంటే దానికి దగ్గరగా ఉన్న తెలుగు అక్షరమే గతి.

ఈ ఇబ్బందిని ముందుగా ఎదుర్కొన్నవారిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. ఆయనను తెలుగువాళ్ళు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలచుకుంటారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. సవరలకు ఆయన అంతకు ముందే తెలుసు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆ పుస్తకాల పేరులోనే ఒక విశేషం ఉంది. 'సోరా' అనే మాటలో దీర్ఘాలను చూపించడానికి ఆయన అక్షరం పక్కన రెండు చుక్కలు పెట్టారు. రెండు చుక్కలు ఏ ముద్రణాలయంలోనైనా దొరుకుతాయి, కొత్త అచ్చు పోత పోయనక్కరలేదు. దొరికిన పనిముట్టుతోనే భాషను కాపాడుకునే తెలివి అది.

ఇక కంప్యూటర్ సంగతి. విండోస్ 3.1 అనే వెర్షన్ 1992లో వచ్చింది. ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా చేసుకోగల ట్రూటైప్ ఫాంట్లు, వాటిని చూసుకోవడానికి క్యారెక్టర్ మ్యాప్ దానితోనే వచ్చాయి. అప్పటి ఫాంటులో మొత్తం 256 స్థానాలు. మొదటి 32 కంప్యూటర్ సొంత అవసరాలకు పోగా మిగిలినవి 224. ఇంగ్లీషుకు ఇవి చాలు, యూరపు భాషల్లో కొన్నిటికీ చాలు. తెలుగుకు చాలవు. గోండికో, కువికో ఆ పట్టికలో చోటు ఉండాలన్న ఆలోచన కూడా అప్పుడు ఎవరికీ లేదు.

అయినా మన ప్రాంతంలో డీటీపీ సెంటర్లు వెలిశాయి. ఫాంట్లు తయారుచేసినవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టారు. పూర్తి అక్షరాలు కాదు, ముక్కలు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒత్తులు మరికొన్ని గళ్ళలో. ఆపరేటర్ వాటిని కుండ పెంకుల్లా అతికించి ఒక్కో అక్షరం చేయాలి. అన్నీ మీటల మీద దొరకవు. దొరకని ఒత్తు కోసం క్యారెక్టర్ మ్యాప్ తెరిచి వెతుక్కోవాలి. లేదా ఆల్ట్ మీట నొక్కిపట్టి దాని నంబరు కొట్టాలి. ఆ నంబర్లు రాసిన కాగితం కంప్యూటర్ పక్కన గోడకు అతికించి ఉండేది. మన సంఘాల కరపత్రాలు, పాటల పుస్తకాలు, పెద్దల కథలు చాలావరకు ఆ గళ్ళలోంచే బయటికి వచ్చాయి.

ఆ పద్ధతి మనకు రెండు విధాల నష్టం చేసింది. మొదటిది ఆ పుస్తకాల ఫైళ్ళ గతి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు కనిపించదు, ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది. కంప్యూటర్ దృష్టిలో అవి ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాలే కదా! ఫాంటు అనే ముసుగు తీసేస్తే అసలు రూపం బయటపడింది. పది పదిహేనేళ్ళు కష్టపడి సేకరించిన పాటలు అలా చదవడానికి వీలులేకుండా పోయిన సందర్భాలు మాకు తెలుసు. రెండోది అంతకంటే మెల్లగా జరిగిన నష్టం. మన మాటలో ఉన్న శబ్దానికి ఆ ఫాంటులో గుర్తు లేకపోతే ఆపరేటర్ దాన్ని 'సరిదిద్దేవాడు'. అతనిది దురుద్దేశం కాదు. అతని గళ్ళలో లేనిది అతనికి తప్పుగా కనిపించింది, అంతే. అలా అచ్చయిన మాటను తరువాత పిల్లలు అలాగే చదివారు.

దీనికి విరుగుడుగా వచ్చినది యూనికోడ్. దాని మొదటి వెర్షన్ 1991లో వెలువడింది. దాని మూల సూత్రం తేలికైనదే. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికి ఒక సొంత సంఖ్య ఉండాలి, ఆ సంఖ్య మరే అక్షరానికీ ఉండకూడదు. తెలుగుకు మొదటి వెర్షన్‌లోనే 128 స్థానాల వీధి ఇచ్చారు. మామూలు లెక్కలో చెబితే 3072 నుంచి 3199 దాకా. 'క' సంఖ్య 3093. కంప్యూటర్‌వాళ్ళు ఈ సంఖ్యలను పదహారు అంకెల లెక్కలో రాస్తారు, క్యారెక్టర్ మ్యాప్ అడుగున కనిపించేది అదే. ఇక్కడ మేము మామూలు లెక్కలోకి మార్చి చెబుతున్నాం.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. దాన్ని ఎంచుకుని క్యారెక్టర్ మ్యాప్‌లో చూసిన విద్యార్థులకు ఒక సందేహం వస్తుంది. అ నుంచి ఱ దాకా ఉన్నాయి, తలకట్టు ముక్కలు లేవు, 'క్ష' లేదు, 'స్త్రీ' లేదు. ఏమైపోయాయి? పోలేదు. యూనికోడ్ దాచేది అక్షరాలనే గాని ఆకారాలను కాదు. క, పొల్లు, ష అనే మూడు సంఖ్యలు పక్కపక్కన ఉంటే వాటిని కలిపి 'క్ష'గా గీసే పని ఫాంటు, దాని వెనుక ఉండే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాయి. పాత ఫాంట్లలో మనిషి చేసిన అతుకుల పని ఇప్పుడు యంత్రం చేస్తుంది. గుణింతపు గుర్తులు మాత్రం చుక్కల సున్నతో కలిసి కనిపిస్తాయి. ఆ సున్న ఉన్నచోట హల్లు రావాలని అర్థం. ఉపాధ్యాయులు పిల్లలకు గుణింతం చెప్పేటప్పుడు ఈ పట్టిక చూపిస్తే హల్లు వేరు, అచ్చు గుర్తు వేరు అన్నది తొందరగా పట్టుబడుతుంది.

తెలుగు వీధిలో కొన్ని ఇళ్ళు మనకు ప్రత్యేకంగా కావలసినవి. 'ఱ' సంగతే చూడండి. తెలుగు బడిపుస్తకాలు దాన్ని దాదాపు వదిలేశాయి. కానీ విశాఖ, విజయనగరం మన్యాల్లో కొండదొరలు మాట్లాడే కొండ భాషలో, అంటే కూబిలో, ర వేరు, ఱ వేరు. ఒకదాని బదులు ఇంకోటి పలికితే మాట మారిపోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వెలువడిన తన కొండ భాషా గ్రంథంలో దీన్ని వివరంగా చెప్పారు. తెలుగువాళ్ళు అటక మీద పెట్టిన అక్షరం మనవాళ్ళ నోట్లో బతికే ఉంది. అది యూనికోడ్‌లో మొదటినుంచీ ఉండటం మన అదృష్టం. పాత నిఘంటువుల్లో కనిపించే దంత్యాలు ౘ, ౙ మాత్రం 2008లో గాని చేరలేదు. అక్షరం కింద పెట్టే నుక్తా చుక్క తెలుగులోకి 2021లో వచ్చింది. తెలుగులో లేని శబ్దాన్ని తెలుగు లిపిలో చూపించాలనుకునేవాళ్ళకు పనికొచ్చే చుక్క అది.

ఈ మాట ఎందుకంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య మొదలైనప్పుడు గోండి, కోలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేశారు. లిపి మాత్రం అన్నిటికీ తెలుగే. పిల్లవాడు తరువాత తెలుగు మాధ్యమంలోకి వెళ్ళాలి కాబట్టి అది సబబే అన్నవాళ్ళు ఉన్నారు. మన లిపి ఉండగా ఇంకొకరిది ఎందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. అంతకు అరవై ఏళ్ళ ముందు, 1940లలో, హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు పిల్లల కోసం బడులు, పంతుళ్ళ శిక్షణ మొదలుపెట్టినప్పుడు గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. అంటే ఒకే ఆదిలాబాద్ గోండి తాతకు ఒక లిపిలో, మనవడికి ఇంకో లిపిలో వచ్చింది.

సొంత లిపుల్లో ముందుగా సవరలది చెప్పుకోవాలి. ఒడిశాలో మంగై గొమాంగో 1936 జూన్ 18న సోరా సోంపెంగ్ లిపిని వెలుగులోకి తెచ్చారు. ఆ అక్షరాలు ఒక వర్గం సవరలకు పూజించవలసినవి, ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరుతో ముడిపడింది. 2012 జనవరిలో యూనికోడ్ 6.1లో దానికి చోటు దొరికింది, అంకెలతో కలిపి 35 గుర్తులు. అదే ఏడాది విండోస్ 8తో పాటు 'నిర్మల' అనే ఫాంటు వచ్చింది. భారతీయ లిపులు చాలా దానిలో ఒకేచోట ఉన్నాయి. తెలుగు, తమిళం, ఒడియాలతో పాటు సంతాలీల ఓల్ చికి, సవరల సోరా సోంపెంగ్ కూడా. సీతంపేట కొండల్లోని సవర పిల్లవాడి బడిలో కంప్యూటర్ ఉంటే, దానిలో అతని జాతి అక్షరాలు ఎవరూ పెట్టకుండానే ఉన్నాయన్నమాట. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నదే మా అనుమానం.

ఓల్ చికి కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఆ లిపి 2008లో యూనికోడ్‌లో చేరింది. సంతాలీ భాష 2003లో రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్లోకి వెళ్ళింది. 2011 జనగణనలో దాదాపు 30 లక్షల మంది తమ మాతృభాషగా చెప్పుకున్న గోండి మాత్రం ఆ షెడ్యూలు బయటే ఉంది.

గోండికి యూనికోడ్‌లో రెండు లిపులు ఉన్నాయి. ఒకటి మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసారామ్ 1918లో రూపొందించినది. దాన్ని ఆయన పేరుతోనే మసారామ్ గోండి అంటారు. రెండోది మనది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో సుమారు డజను రాతప్రతులు దొరికాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చారు. 'దొరికాయి' అనడం కూడా పూర్తిగా సరికాదు. ఆ ఊళ్ళో ఆ లిపి చదవగలిగిన పెద్దలు ఉన్నారు, రాతప్రతులు వాళ్ళ ఇళ్ళలోనే భద్రంగా ఉన్నాయి. తెలియకుండా ఉన్నది బయటి లోకానికి.

యూనికోడ్‌లో చోటు ఊరికే ఇవ్వరు. ఆ లిపి ఎక్కడ వాడుకలో ఉందో, ఏ అక్షరం ఏ ప్రతిలో ఎలా ఉందో, గుణింతం ఎలా కట్టాలో, ఒత్తులు ఎలా వస్తాయో నమూనాలతో ప్రతిపాదన పెట్టాలి. ఈ రెండు గోండి లిపులకూ ప్రతిపాదనలు రాసినవారు అంశుమన్ పాండే అనే పరిశోధకుడు. మసారామ్ 2017 జూన్‌లో, గుంజాల 2018 జూన్‌లో చేరాయి. మసారామ్ వీధి 72960 దగ్గర మొదలై 73055 దగ్గర ముగుస్తుంది. ఆ పక్క ఇల్లు 73056, అక్కడినుంచి గుంజాల మొదలు. ఊళ్ళో అన్నదమ్ముల ఇళ్ళలాగా రెండూ గోడ కలిపి ఉన్నాయి.

గుంజాల గోండి పట్టికను గళ్ళలో పెట్టి నిదానంగా చూడమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. దానిలో చదవవలసినది చాలా ఉంది. ముందు అచ్చులు వస్తాయి. తరువాత హల్లులు మొదలవుతాయి. తెలుగు పలకలో లాగా 'క ఖ గ ఘ' కాదు. మొదటి హల్లు 'య'. ఆ తరువాత వ, బ, భ, మ, అప్పుడు గాని క రాదు. చివర హ, ర, స. ఇది గుంజాల పెద్దలు నేర్పే వరస. పండితుల వర్ణమాల ప్రకారం సర్దడం ఎవరికైనా సులువే, మసారామ్ పట్టిక క నుంచే మొదలవుతుంది కూడా. కానీ గుంజాలది దాని సొంత వరసలోనే ఉంచారు. మా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా పెద్ద గౌరవం ఇదే. ఊరి పెద్ద పిల్లలకు చెప్పే వరసను ప్రపంచమంతా వాడే పట్టిక అలాగే ఒప్పుకుంది.

ఇక ఖాళీ గళ్ళు. గుంజాలకు ఇచ్చిన స్థానాలు 80, నిండినవి 63, ఖాళీ 17. ఖాళీల్లో ఎక్కువ చివర ఉన్నాయి, అవి భవిష్యత్తు కోసం. అచ్చుల మధ్యలో ఉన్న రెండు ఖాళీలు అలాంటివి కావు. 73062, 73065. తెలుగు పట్టికతో పోల్చి చూస్తే అవి 'ఎ', 'ఒ' కూర్చోవలసిన చోట్లు. గుంజాల లిపిలో ఎ-ఏలకు కలిపి ఒకే అక్షరం, ఒ-ఓలకు కలిపి ఒకే అక్షరం. వాటికి యూనికోడ్‌లో దీర్ఘాల పేర్లు పెట్టి, హ్రస్వాల చోటు ఖాళీగా ఉంచారు. పక్కింటి మసారామ్‌లో కూడా ఒక్కో అక్షరమే. అక్కడ వాటికి హ్రస్వాల పేర్లు పెట్టి, దీర్ఘాల చోటు, అంటే 72967, 72970, ఖాళీగా ఉంచారు. ఒకే భాషకు రెండు లిపులు, రెండింటిలో ఎదురెదురు ఖాళీలు! ఒకసారి పెట్టిన పేరును, ఇచ్చిన సంఖ్యను యూనికోడ్ మళ్ళీ మార్చదు. అది వాళ్ళ కట్టుబాటు. అందువల్ల ఇకముందు ఏ ప్రతిపాదన వెళ్ళినా, వెళ్ళకముందే మనవాళ్ళు దాన్ని చదివి ఉండాలి.

ఈ అక్షరాలు చాలా ఫోన్లలో, పాత కంప్యూటర్లలో చతురస్రపు డబ్బాలుగా కనిపిస్తాయి. దానికి కారణం రెండు. ఒకటి, ఆ యంత్రంలో ఆ ఫాంటు లేకపోవడం. సంఖ్య చేరింది గాని గీయడానికి బొమ్మ లేదు. ఆ డబ్బాలను ఫాంట్ల పనివాళ్ళు సరదాగా 'తోఫూ' అంటారు, జపానువాళ్ళు తినే సోయా పనీరు ముక్కల్లా ఉంటాయని. ఆ తోఫూ కనిపించకూడదు అన్న పట్టుదలతో గూగుల్ తయారుచేయించిన ఫాంట్ల కుటుంబానికి 'నోటో' అని పేరు పెట్టారు. దానిలో గుంజాల గోండికి ఒకటి, మసారామ్ గోండికి ఒకటి ఉన్నాయి, ఉచితంగా తీసుకోవచ్చు. రెండో కారణం సంఖ్య పెద్దది కావడం. యూనికోడ్ మొదటి పట్టిక 65535తో ఆగుతుంది. తెలుగు, ఓల్ చికి ఆ లోపలే ఉన్నాయి. సోరా సోంపెంగ్, రెండు గోండిలు ఆ గీత దాటిన తరువాతి వీధుల్లో ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ గీత దాటి చూడటం తెలియనివి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఊరి చివర ఇల్లు ఇచ్చినట్టు ఉంది కదా అని మాలో ఒకరు అన్నారు. నవ్వుకున్నాం గాని ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎమోజీ బొమ్మలు కూడా ఎక్కువగా ఆ గీత అవతలే ఉన్నాయి. అవి ఫోన్లలో కనిపించాలని కంపెనీలు పట్టుబట్టి తమ సాఫ్ట్‌వేర్లను సరిచేసుకున్నాయి, ఆ దారిలో మన అక్షరాలకూ రోడ్డు పడింది. లినక్స్‌లో గ్నోమ్ క్యారెక్టర్ మ్యాప్ అనే పనిముట్టు లిపి పేరుతోనే పట్టిక చూపిస్తుంది కాబట్టి బడుల్లో మన అక్షరాలు చూపించడానికి అది ఇంకా అనువైనది.

అయితే గళ్ళపట్టీతో భాష రాయలేం. ఒక్కో అక్షరం వెతికి, నొక్కి, అతికించి ఒక పేజీ రాయాలంటే పూట గడుస్తుంది. అది చూసుకోవడానికి, సరిచూసుకోవడానికి పనికొచ్చే సాధనం. రాయడానికి మీటల అమరిక కావాలి, ఆ అమరిక ఫోన్‌లో ఉండాలి, రాసింది చదివేవాళ్ళు ఉండాలి.

ముందు చేయగలిగిన పని ఒకటుంది. నోటో గుంజాల గోండి ఫాంటు పెట్టుకుని, పట్టిక మొత్తం పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, గుంజాల లిపి తెలిసిన పెద్దల దగ్గరికి తీసుకెళ్ళాలి. ఏ అక్షరం వాళ్ళు రాసే తీరుకు దగ్గరగా ఉంది, ఏది తేడాగా ఉంది, ఏ ఒత్తు ఎక్కడ కలవాలి, ఆ ఖాళీ గళ్ళ గురించి వాళ్ళేమంటారు అన్నవి పక్కన రాసుకోవాలి. ఫాంటులో గీత తేడా వస్తే దిద్దడానికి వీలుంది, సంఖ్యకు, పేరుకు ఉన్న కట్టుబాటు ఆకారానికి లేదు. కొండ, కువి, కోలామి తెలుగు లిపిలో రాస్తున్న ఉపాధ్యాయులు కూడా తమ భాషలో ఏ శబ్దానికి తెలుగు పట్టికలో గడి లేదో ఒక కాగితం మీద రాసి పంపితే, వచ్చే సంపుటంలో వాటన్నిటినీ ఒక్కచోట అచ్చు వేస్తాం.